రావిరి చేతులు

“ధర సంగతి ఎక్కడికీ పారిపోదు. ముందు తినరా,” అంది పిరిహిర.

రావిరి తినలేదు. ముందున్న బుట్టలో చిలగడదుంపలు పొగలు కక్కుతున్నాయి. పక్కన ఎండు సొరచేప, ఆకులో చుట్టి కాల్చిన పాముచేప. పెళ్ళికైనా చావుకైనా ముందు రావిరి బుట్ట నింపండి, లేకపోతే మనకు మిగలదు అని చుట్టాలంతా వేళాకోళం చేసే మనిషి అతను. అలాంటివాడు రెండు చేతులూ చంకల్లో దోపుకుని, దుంపల్ని వదిలేసి చాపని చూస్తూ కూర్చున్నాడు.

“కడుపులో బాగాలేదక్కా. సముద్రం తిప్పేసింది.”

“పుట్టి బుద్ధెరిగాక నిన్ను సముద్రం తిప్పడం ఇదే చూడ్డం,” అన్నాడు హొరొమొన.

హొరొమొన పిరిహిరకు సొంత అన్న. ఆ లోయలో విత్తనం పడాలన్నా, కోత కొయ్యాలన్నా అతని నోటిమాటే. రావిరి వాళ్ళ పినతల్లి కొడుకు. ఊరందరిదీ అయిన రెండు తెరచాపల ఓడ ‘తెల్లకొంగ’ను నడిపేది అతనే. ఇక్కడి గోధుమలు ఆక్లండ్ రేవుకు చేరేస్తాడు, అక్కడి కబుర్లు ఇక్కడికి తెస్తాడు. రేవులో ఉండి సరుకు అమ్మిపెట్టేది పిరిహిర ఒక్కగానొక్క కొడుకు హకరాయ.

ఆ ఒడ్డున చుట్టం వస్తే ఒక వరస ఉంది. ముందు ఏడుపు, తర్వాత తిండి, ఆపైన ధరలు. కిందటిసారి కలిసినప్పటినుంచి అటువైపు పోయినవాళ్ళకీ ఇటువైపు పోయినవాళ్ళకీ కలిసి ఏడవాలి. ముక్కూ ముక్కూ ఆనించి ఊపిరి పంచుకోవాలి. అప్పుడు గాని మిగతా మాటలు లేవు. పొద్దున రావిరి మాత్రం ఓడ దిగుతూనే, “గోధుమలు మూటలు కట్టారా?” అని కేకేశాడు. జలుబు చేసిందని ముక్కు ఆనించలేదు. హొరొమొనకు అప్పుడు మొదలైన మంట ఇంకా చల్లారలేదు.

“సగానికి సగం పడిపోయిందంటే ఎలా నమ్మనురా? పోయినేడు ఇదే రోజుల్లో తెల్లదొరలు మన గట్టుమీదకొచ్చి గడ్డం పట్టుకుని బతిమాలారు.”

“పోయినేడు అవతలి దేశంలో బంగారం తవ్వేవాళ్ళకు తిండి లేదన్నా. ఇప్పుడు వాళ్ళే దున్నుకుంటున్నారు. ఆక్లండ్ రేవులో గోధుమ బస్తాలమీద కుక్కలు పడుకుంటున్నాయి.”

“అయితే ఇక్కడే ఉంచుదాం. మనకూ కుక్కలున్నాయి.”

“ఉంచితే ముక్కిపోతాయి. ఒక్క దొర మాటిచ్చాడు, పాత ధరకే తీసుకుంటానని. కొత్త ఓడలు రేవులోకి రాకముందే మన సరుకు చేరాలి. ఈ సముద్రపు పోటుకి ఎక్కిస్తే చేరుతుంది. లేదంటే గోధుమలూ పోతాయి, ఓడా పోతుంది.”

ఓడా పోతుంది అన్న మాట హొరొమొనకు తగలాల్సిన చోట తగిలింది. పందుల్ని తోలి, నార దంచి, ఆడా మగా రెక్కలు ముక్కలు చేసుకుని కొనుక్కున్న ఓడ అది. అమ్మినవాడికి తీరాల్సిన ఆఖరి బాకీ ఈ పంటమీదే ఉంది. అది తీరకపోతే ఓడను రేవులోనే కట్టేసుకుంటారు. తర్వాత లోయలో ఎంత పండినా గట్టుమీద కూర్చుని సముద్రాన్ని చూడవలసిందే.

“మావాడేమంటాడు?” అంది పిరిహిర. “ఆ దొర మంచిచెడ్డలు వాడికి తెలుసుగా.”

రావిరి చూపు చాపమీదే ఉంది. “వాడూ తొందరగా పంపమనే అన్నాడు.”

“కోతలకు వస్తానని పోయినసారి నీతోనే కబురెట్టాడు. కోతలూ అయిపోయాయి, నూర్పిళ్ళూ అయిపోయాయి.”

“అక్కడ మన చోటు ఎవరు కాస్తారక్కా?”

అదీ నిజమే అనిపించింది పిరిహిరకు. నిజంలాంటి మాటకు ఎదురేం చెబుతుంది? కానీ రావిరి ఆ మాట ఆమెకు చెప్పలేదు, చాపకు చెప్పాడు.

అప్పుడే ఆకెనెహి వచ్చింది. హకరాయ పెళ్ళాం. చేతుల్లో నారతో నేసిన దుప్పటి మడత, మొహంలో దాచుకోలేని సంబరం.

“మావయ్యా, ఇది ఆయనకి. చలి ముదిరేలోపు అయిపోవాలని కళ్ళు పోగొట్టుకుని నేశాను. దారిలో మీరు కప్పుకున్నారని తెలిస్తే మాత్రం ఊరుకోను.”

దుప్పటి పట్టుకున్న ఆమె చేతులు చాచినట్టే ఉండిపోయాయి. రావిరి చేతులు చంకల్లోంచి బయటికి రాలేదు.

“అక్కడ పెట్టమ్మా.”

“పట్టుకుంటే కరవదులెండి.”

“చేతులకు తారు ఉంది. మాసిపోతుంది.”

“ముట్టనంటారా? సరే, మీ తారు మీరే ఉంచుకోండి. ఓడలో నేనే పెడతాను,” అంటూ దుప్పటిని మళ్ళీ గుండెకు హత్తుకుంది. అక్కడినుంచి కదల్లేదు. పెదవి కొరికి, అత్తవంక ఓసారి చూసి, నేలకు చెప్పినట్టు చెప్పింది. “ఇంకో కబురుంది. పైవాళ్ళతో పంపకూడదనుకున్నా, మీరైతే ఫరవాలేదు. దుంపలు తవ్వే నాటికి మేం ముగ్గురం అవుతామని చెప్పండి. పేరు ఆయనే వచ్చి పెట్టాలి. పెద్దమావయ్యకు వదిలేస్తే ఏ ముత్తాత పేరో తెచ్చి, బిడ్డకు నోరు తిరక్కుండా చేస్తాడు.”

అంత కోపంలోనూ హొరొమొన నవ్వేశాడు. “మా ముత్తాత పేరు పలకలేని నోరు మా ఇంటి బిడ్డకెలా వస్తుంది?”

“చెబుతారా మావయ్యా?”

“చెబుతాను,” అన్నాడు రావిరి.

“నేను చెప్పినట్టే చెప్పాలి. మీరు ఏ మాటైనా ధరలతో మొదలెడతారు.”

“నువ్వు చెప్పినట్టే చెబుతాలే. కాసిని నీళ్ళు పొయ్యి తల్లీ.”

ఆమె సొరబుర్ర అందించింది. అతను అందుకోలేదు. పసివాడిలా మొహం పైకెత్తి నోరు తెరిచాడు. ఈ వేషం ఏమిటని నవ్వుకుంటూ ఆకెనెహి పోసింది. నీళ్ళు పొలమారాయి. దగ్గు తెరలో అతని చేతులు ఒక్కసారి చంకల్లోంచి బయటికొచ్చి, మొహందాకా వెళ్ళబోయి, మధ్యలో ఆగి, మళ్ళీ లోపలికి పోయాయి.

వాటిమీద తారు చుక్కయినా లేదు. ఇసకతో తోమితోమి కడిగినట్టు చర్మం పాలిపోయి ఉంది.

పిరిహిర ఆ చేతుల్ని చూసింది. ఇలాంటి చేతుల్ని చిన్నప్పుడొకసారి చూసింది. అమ్మ పోయినప్పుడు నాన్న అమ్మను ఎత్తి మోశాడు. తర్వాత ఎన్నాళ్ళో తిండి ముట్టకుండా చేతులు వెనక్కి కట్టుకు తిరిగాడు. ఎవరైనా పుల్లకు గుచ్చి నోటికందిస్తే తినేవాడు, లేకపోతే పస్తు. పీనుగను ముట్టిన చెయ్యి తిండిని ముట్టకూడదు. ముడితే తిన్నవాడికి చేటు. పెద్దలు దాన్ని తపు అనేవారు. మైల అనండి, మరేమైనా అనండి, ఆ ఒడ్డున పుట్టినవాళ్ళకు అది తల్లిపాలతోనే తెలుస్తుంది.

“సరే,” అన్నాడు హొరొమొన లేస్తూ. “ఈ పోటుకే ఎక్కిద్దాం. అందరినీ పిలవండి.”

పిరిహిర లేవబోయింది. మళ్ళీ కూర్చుని, బుట్టలోంచి ఒక దుంప తీసి కొంగులో వేసుకుంది.

* * *

గోధుమలు విసిరే నీటి మర వెనక రావిరి ఒంటరిగా దొరికాడు. కాలవ దగ్గర కూర్చుని తిరిగే చక్రాన్ని చూస్తున్నాడు. ఆ మర కట్టిన ఏడు ఊరంతా పండగ చేసుకుంది. ఆ చప్పుడు వింటే పిరిహిరకు కడుపు నిండినట్టుండేది. ఇవాళ ఆ చప్పుడు ఆగితే బాగుండుననిపించింది.

ఆమె చేతిలో ఎండిన పుల్ల. దాని కొసకు గుచ్చిన చిలగడదుంప ముక్క.

ఏమీ అడగలేదు. అతని ఎదురుగా కూర్చుని పుల్ల నోటి దగ్గర పెట్టింది. రావిరి ముక్కనూ చూశాడు, అక్కనూ చూశాడు. కాదంటే అబద్ధం నిలబడుతుంది. తింటే అంతా ఒప్పుకున్నట్టే. పొద్దున్నించి, అసలు ఎప్పట్నించో, కడుపులో ఏమీ లేని మనిషి. ఆకలి సంగతి అలా ఉంచండి, దాచీ దాచీ అలిసిపోయాడు.

నోరు తెరిచాడు.

అతను నమిలి మింగేదాకా ఆమె ఆగింది. మరో ముక్క గుచ్చి పెట్టింది. అదీ తిన్నాడు. నమలుతుంటే కళ్ళవెంట నీళ్ళు కారాయి. తుడుచుకోడానికి చెయ్యి లేదు.

“నా బిడ్డేనా?” అంది పిరిహిర.

తలొంచుకున్నాడు.

“నోటితో చెప్పు. నా కొడుకు కబురు తలకాయతో చెప్పకు.”

“హకరాయే అక్కా. దగ్గు, జ్వరం. ఆ రేవులో మనవాళ్ళకు చాలామందికి వచ్చింది. వాడు లేచి తిరిగేస్తాననే అన్నాడు. ఆఖరుదాకా అలాగే అన్నాడు.”

ఆమె ఏడవలేదు. ఏడుపు ఎక్కడో లోపల లేచి, దారి తెలియక నిలబడిపోయింది. పుల్లను కాలవలో పారేసి, అది చక్రం కిందకి పోయేదాకా చూసింది.

“ఎక్కడ పెట్టావు వాణ్ణి? ఆ ఊరి ఇసకలోనా?”

“అక్కడొద్దన్నాడు. ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. తెచ్చాను. ముక్కుకొండ దగ్గర దించి, మన పెద్దల ఎముకలుండే గుహ కాసే ముసలాయనకు అప్పజెప్పి వచ్చాను.”

“అందాకా ఎందులో తెచ్చావు?”

రావిరి చక్రంవైపు తిరిగాడు.

“ఎందులో తెచ్చావురా? కింది అరలోనా? గోధుమలు పెట్టేచోటా?”

“ఇంకెక్కడ పెట్టనక్కా? పైన ఎండలో పెట్టనా నీ కొడుకుని?”

ఆమె కాలవగట్టున గడ్డిని పిడికిట పట్టి పీకింది.

“అరంతా ఉప్పునీళ్ళతో కడిగాను,” అన్నాడు రావిరి. “బాప్తిస్మం తీసుకున్నవాళ్ళం మనం. పీనుగకు మైల లేదని పాదిరి ఎన్నిసార్లు చెప్పలేదు? అవన్నీ చీకటి రోజుల మాటలన్నాడు.”

“అయితే చేత్తో తినవేం?”

రావిరి తన చేతులవంక చూసుకున్నాడు. అవి ఇంకెవరివో అయినట్టు ఒళ్ళో పడి ఉన్నాయి.

“నా నోరు ఒప్పుకుంటుందక్కా. ఇవి ఒప్పుకోవు.”

మర తిరుగుతూనే ఉంది. గట్టుమీద హొరొమొన కేకలు, బస్తాలు లెక్కపెట్టేవాళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి.

“ఒక్క పోటు ఆగక్కా,” అన్నాడు రావిరి. చెయ్యి పట్టుకుని అడగాల్సిన మాటను చేతులు వెనక్కి పెట్టుకుని అడిగాడు. “బస్తాలు ఎక్కేదాకా నోరు విప్పకు. మనవాళ్ళెవరూ తినే గోధుమలు కావు, తెల్లవాళ్ళు తినేవి. వాళ్ళకు పట్టదు. ఓడ గట్టు దాటాక నీ ఇష్టం. నేను తిరిగొచ్చాక నన్ను ఏం చేసినా సరే. ఇప్పుడు నువ్వు ఏడ్చావంటే ఒక్క బస్తా ఎక్కదు. హకరాయ పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే. వాడు కూడా గోధుమలు ఆగకూడదనే...”

“అది వాడన్నాడా, నువ్వంటున్నావా?”

రావిరి చేతుల్ని మళ్ళీ చంకల్లో దోపుకున్నాడు.

పిరిహిర లేచి కొంగు బిగించుకుంది. “కన్నకొడుకు పోతే ఏడవకుండా కూర్చునే తల్లిని ఈ ఒడ్డున ఎవరైనా చూశారా?”

“లేదు.”

“ఇవాళ చూస్తారు.” రెండడుగులు వేసి ఆగింది. “ఆకెనెహి ఆ ఓడమీద కాలు పెట్టకూడదు. కడుపుతో ఉన్న పిల్ల. అది దాని దరిదాపులకు వచ్చిందో, నీ గోధుమలూ నీ ఓడా నాకు అక్కర్లేదు.”

“రానివ్వను. మాటిస్తున్నాను.”

మాటల మనిషే రావిరి. పొద్దున్నించి ఎంతమందికి ఎన్ని మాటలిచ్చాడో అతనికే గుర్తు లేదు.

* * *

‘తెల్లకొంగ’ బురదలో ఓ పక్కకు ఒరిగి ఉంది. గట్టునుంచి ఓడమీదకు బల్ల వేశారు. మగవాళ్ళు, వయసులో ఉన్న ఆడవాళ్ళు బస్తాలు భుజాన వేసుకుని బల్లమీద నడిచి, కింది అరలోకి అందిస్తున్నారు. సముద్రం మెల్లగా నదిలోకి ఎక్కుతోంది.

పిరిహిర గట్టుమీద కూర్చుని దబ్బనంతో బస్తాల మూతులు కుడుతోంది. ఆకెనెహిని మర దగ్గర పిండి జల్లించమని పంపింది. పనిలేని పని పెట్టింది. అత్తకు చాదస్తం ఎక్కువైందని ఆ పిల్ల నవ్వుకుంటూ వెళ్ళింది.

దబ్బనం గోనెలో దిగుతోంది, వస్తోంది. ఇందులో పోసిన గింజలు హకరాయ విత్తిన చేలోవి. కిందటి చలికాలం వాడు నాగలి పట్టి అడ్డదిడ్డంగా దున్నితే, ఎద్దుకన్నా నువ్వే బెదురుతున్నావని ఊరంతా ఏడిపించారు. వాడు నవ్వుతూ పడ్డాడు. ఎవరేమన్నా నవ్వుతూనే పడేవాడు. ఇప్పుడు వాడి గోధుమలు వాడు ఆఖరిసారి పడుకుని వచ్చిన అరలోకే వెళ్తున్నాయి. ఆమె తన చేత్తోనే మూతి కుట్టి పంపుతోంది. నేను తల్లినా, అనుకుంది పిరిహిర. ఎన్నిసార్లు అనుకున్నా చెయ్యి ఆగలేదు. కుట్టడం ఆగితే నోరు తెరుచుకుంటుందని భయం.

“ఏంటత్తా, ఇవాళ మాటలన్నీ కూడా బస్తాలో వేసి కుట్టేశావా?” అని బల్ల ఎక్కుతున్న ఓ కుర్రది వేళాకోళం చేసింది. పిరిహిర పురికొసను పళ్ళతో తెంపింది.

హొరొమొన వచ్చి పక్కన చతికిలబడ్డాడు. పని సాగుతుంటే అతని కోపం మంచులా కరిగిపోయింది.

“రావిరిగాడిని తిట్టకుండా ఉండాల్సింది,” అన్నాడు. “పాపం, ఎండిపోయాడు. వాడు చెప్పింది నిజమే అయ్యుంటుంది. నేనే మొండికేశాను.”

పిరిహిర కుడుతూనే ఉంది.

“నీకో మాట చెప్పాలి, ఇంకెవరికీ చెప్పలేదు. ఈసారి హకరాయ వస్తే ఇక వాణ్ణి వెనక్కి పంపను. నా తర్వాత ఓడ పెత్తనం వాడిదే. నా కొడుకులున్నారు, కానీ వాళ్ళకు అమ్మడం రాదు, మనిషిని చూసి మాట్లాడ్డం రాదు. నీ కొడుకు అదృష్టవంతుడే పిరిహిరా. బిడ్డ పుట్టేవేళకు ఓడ చేతికొస్తుంది.”

దబ్బనం వేలిలో దిగింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుంది.

“చూసి కుట్టు. ఏడుస్తావేం, పసిపిల్లలా?”

“దబ్బనం దిగిందన్నా.”

“ఆమాత్రానికేనా?” అని అతను లేచి, బస్తాలవాళ్ళను అదిలిస్తూ వెళ్ళిపోయాడు. ఆ రెండు చుక్కల కన్నీళ్ళు దొరికినందుకు ఆమె దబ్బనానికి దండం పెట్టుకుంది.

సగానికిపైగా బస్తాలు ఎక్కాయి. ఓడ కింద నీళ్ళు చేరి, బురదలోంచి కాస్త నిటారుగా లేస్తోంది. ఇంకాసేపు, ఇంకాసేపే అనుకుంటూ పిరిహిర తలెత్తింది.

ఆకెనెహి వస్తోంది. జల్లెడ ఎక్కడ పడేసిందో, నార దుప్పటి భుజాన వేసుకుని గట్టు దిగి నేరుగా బల్లవైపు నడుస్తోంది.

“అమ్మాయ్, ఎక్కడికి?”

“దుప్పటి పెట్టొస్తానత్తా. అందరూ ఎక్కిస్తున్నారు, ఇదొక్కటే మిగిలింది.”

“ఎవరికైనా ఇయ్యి, పెడతారు.”

“వీళ్ళకా? బస్తాల కింద వేసి తొక్కేస్తారు. తడవని చోటు చూసి నేనే పెడతాను.”

“బల్ల తడిగా ఉంది. జారతావు.”

“బస్తా మోసిన ముసలమ్మలు జారలేదు, నేను జారతానా?”

“నే చెబుతున్నాను, ఆగవే.”

ఆ గొంతులోని కరుకుకి ఆకెనెహి ఓసారి వెనక్కి చూసింది. కడుపుతో ఉన్న కోడలంటే అత్తలందరికీ ఇదే భయం కాబోలు. “ఇప్పుడే వచ్చేస్తాగా,” అని నవ్వి బల్లెక్కింది.

ఓడమీద రావిరి ఎదురొచ్చాడు. అతని మొహంలో నెత్తురు లేదు. “ఇటివ్వమ్మా, నే పెడతాను.”

“పొద్దున ముట్టనన్నారుగా. తారు వదిలిందా?”

“వదిలింది. ఇయ్యి.”

“ఏవీ, చూపించండి.”

ఎంత చిన్న మాట. పొద్దున ఆ దుప్పటి అందుకుని ఉంటే ఈ పిల్ల బల్లెక్కేదే కాదు. అప్పుడు అందుకోలేకపోయిన ఆ చేతులే ఇప్పుడు చాచడానికీ రాలేదు. మొగుడికి నేసిన దుప్పటిని, మొగుడి పీనుగను మోసిన చేతుల్లో ఎలా పెట్టించుకుంటాడు? రావిరి దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఆకెనెహి వేళాకోళమనుకుని, అతని పక్కనుంచి దూరి, అరలోకి దిగే నిచ్చెన దగ్గరికి వెళ్ళింది.

పిరిహిర ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఒళ్ళోని బస్తా దొర్లి, కుట్టని మూతిలోంచి గోధుమలు గట్టుమీద పారాయి.

లోపల దారి తెలియక నిలబడ్డ ఏడుపుకు దారి దొరికింది.

“వెళ్ళు నాయనా, వెళ్ళు. అలల మీదుగా వచ్చినవాడా, గుమ్మందాకా వచ్చి ఇంట్లోకి రానివాడా, వెళ్ళు. నీ తాతలున్న చోటికి వెళ్ళు. మమ్మల్ని చూడకు, వెళ్ళు.”

ఆ రాగం ఆ ఒడ్డున అందరికీ తెలుసు. బతికున్నవాళ్ళకోసం ఎవరూ ఆ రాగం తియ్యరు. బల్లమీద బస్తాలు మోస్తున్నవాళ్ళు మోస్తున్నట్టే ఆగిపోయారు. ఆడవాళ్ళలో ఒకరిద్దరు, ఎవరికోసమో తెలియకుండానే, అలవాటుకొద్దీ గొంతు కలిపారు. అంతలో చెంపదెబ్బ తిన్నట్టు ఆపేశారు.

హొరొమొన ముందు చెల్లెల్ని చూశాడు. తర్వాత ఓడమీదున్న రావిరిని, అతని చంకల్లోని చేతుల్ని చూశాడు. పొద్దున ఆనించని ముక్కు, ముట్టని తిండి, మొదలు కాకుండానే దాటేసిన ఏడుపు, అన్నీ ఒక్కసారిగా కలిసొచ్చాయి.

“ఎందులో తెచ్చావురా?” అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు.

రావిరి కళ్ళు కింది అరవైపు వెళ్ళాయి.

“ఎక్కిన బస్తాలు ఎక్కినట్టే ఉంచండి,” అన్నాడు హొరొమొన. “ఎవరూ తిండి ముట్టద్దు. పిల్లల్ని ముట్టద్దు.”

బస్తాలు మోసినవాళ్ళు తమ అరచేతులవంక చూసుకున్నారు. పొద్దున్నించి ఆ అరలోకి దిగుతూ ఎక్కుతూ ఉన్నవాళ్ళు. ఎవరికి వాళ్ళు చేతుల్ని ఒంటికి దూరంగా, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పట్టుకున్నారు. గట్టుమీద ఇప్పుడు అందరివీ రావిరి చేతులే. ఊరి పంటంతా, సగం ఓడలో సగం ఒడ్డున, ఎవరికీ కాకుండా పోయింది.

“ఆకెనెహీ, దిగకు. పైకి రా తల్లీ,” అంటూ పిరిహిర బురదలోంచి పడుతూ లేస్తూ ఓడవైపు వస్తోంది.

ఆకెనెహి కదల్లేదు. ఒక కాలు ఓడమీద ఉంది, ఒక కాలు నిచ్చెనమీద ఉంది. అరలోంచి వచ్చే చల్లగాలి ఆ కాలికి తగులుతోంది. దుప్పటి ఇంకా భుజానే ఉంది. అత్త ఏడుపులో పేరు లేదు. పేరు లేదు కాబట్టి ఇంకెవరైనా కావచ్చునని ఆ పిల్ల అందరి మొహాలూ వెతికింది. ఒక్కరూ ఆమె కళ్ళలోకి చూడలేదు.

చివరికి రావిరివైపు తిరిగింది.

“మావయ్యా,” అంది, చాలా నెమ్మదిగా. “పొద్దున నే చెప్పిన కబురు చెబుతానన్నారు. ఎవరికి చెబుదామనుకున్నారు?”